తొక్కితే పలికిన రేడియో



కొన్నేళ్ళ క్రితం గుంటూరు నుంచి వచ్చిన మా నాన్నగారిని తీసుకుని ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి ఉలురుకి కారులో బయలుదేరాము. ఊరు దాటిన కాసేపటికే ఫోనులో సిగ్నలు పోయింది. దారిలో నాన్నగారికి షుగరు పడిపోయి ఒళ్ళంతా చెమటలు పట్టాయి. చేతిలో ఉన్న బిస్కెట్లు తినిపించాము గానీ, ఎవరిని పిలవాలో తోచలేదు. ఇంతలో ఒక లారీ ఆగింది. ఆ డ్రైవరు తన బండిలోని రేడియోలో ముందున్న రోడ్‌హౌస్‌కి కబురు పెట్టాడు. మేము చేరేసరికి మంచం, తియ్యటి టీ సిద్ధంగా ఉన్నాయి. తేరుకున్నాక నాన్నగారు నవ్వి, "అంత ఖరీదు పెట్టి ఫోను కొన్నావు. పనికొచ్చింది ఆ డబ్బా కదరా!" అన్నారు.

ఆ డబ్బా వెనక ఉన్న కథే ఈ రోజు చెబుతాను.

1917లో పడమటి ఆస్ట్రేలియాలోని హాల్స్ క్రీక్ దగ్గర జిమ్మీ డార్సీ అనే పశువుల కాపరికి పెద్ద దెబ్బ తగిలింది. దగ్గరలో డాక్టరు లేడు. పెర్త్ నుంచి డాక్టరు తంతి ద్వారా చెబుతుంటే, అక్కడి పోస్టుమాస్టరే చాకుతో ఆపరేషను చేశాడు. డాక్టరు ఎన్నో రోజులు ప్రయాణించి అక్కడికి చేరేటప్పటికి డార్సీ ప్రాణం పోయింది. తంతి ఉన్న ఊరికే ఆ గతి పడితే, తీగలే లేని పశువుల స్టేషన్ల మాటేమిటి?

జాన్ ఫ్లిన్ అనే మతబోధకుడు ఈ బాధకు మందు వెతికాడు. 1928 మే 17న క్లాన్‌కరీ నుంచి మొదటి ఫ్లయింగ్ డాక్టరు విమానం ఎగిరింది. కానీ విమానం ఉంటే చాలదు, దాన్ని పిలిచే గొంతు కూడా కావాలి. ఆ స్టేషన్లలో కరెంటు లేదు. ఆనాటి బ్యాటరీలేమో బరువు, పైగా ఖరీదు. అప్పుడు ఎడిలైడ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ ట్రేగర్ సైకిలు పెడళ్ళతో తిరిగే చిన్న జనరేటరు చేశాడు. మన ఇళ్ళలో కుట్టుమిషను తొక్కినట్టు కాళ్ళతో తొక్కుతూ, చేతులతో కబురు పంపడమే! అలాంటి మొదటి సెట్టు 1929లో క్వీన్స్‌లాండ్‌లోని ఆగస్టస్ డౌన్స్‌లో పెట్టారు. మోర్స్ సంకేతాలు అందరికీ రావు కదా, అందుకని అక్షరం నొక్కితే సంకేతం దానంతటదే వెళ్ళే మీటల పలక కూడా ఆయనే తయారుచేశాడు. తర్వాత మాటలే పంపగలిగారు.

అలా వచ్చిన రేడియో డాక్టరు దగ్గరే ఆగలేదు. ఒంటరి ఇళ్ళలోని ఆడవాళ్ళు రోజూ ఒక వేళ పెట్టుకుని దానిలో కబుర్లు చెప్పుకునేవారు. గోల చేసే గలా పిట్టల పేరుమీద దానికి 'గలా సెషన్' అని పేరొచ్చింది. 1951లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో, ఎడిలైడ్ మీత్కె అనే ఉపాధ్యాయురాలి ఆలోచనతో, అదే రేడియో మీద పిల్లలకు బడి మొదలైంది.

ఇప్పుడు మన ఇళ్ళలోని వైఫైకి వద్దాం. గదిలో రేడియో తరంగాలు గోడలకు తగిలి ప్రతిధ్వనులై కలగాపులగం అవుతాయి. సిడ్నీలో సిఎస్ఐఆర్ఓ సంస్థకు చెందిన జాన్ ఒసల్లివాన్ బృందం ఆ చిక్కు విప్పింది. ఆయన అంతకుముందు అంతరిక్షం నుంచి వచ్చే రేడియో సంకేతాలు వెతికిన శాస్త్రవేత్త. ఆ పద్ధతికి 1996లో అమెరికా పేటెంటు వచ్చింది. వైఫైని ఒక్కరే కనిపెట్టారనలేము గానీ, అందులో ఈ దేశం వాటా చిన్నది కాదు.

ఇంత చేసిన దేశంలోనూ జనం ఉన్నచోటే సిగ్నలు ఉంటుంది, ఎడారిలో ఉండదు. పైగా 2024లో ఇక్కడ 3జీ మూసేశారు. మామూలు కాల్స్ 4జీలో మాట్లాడే కొన్ని ఫోన్లు కూడా 000 కాల్‌కు 3జీనే వెతికేవి. అందుకని అటువంటి ఫోన్లను నెట్‌వర్కులు ఆపేశాయి. కాబట్టి అమ్మానాన్నలు తెచ్చుకున్న ఫోనులో ఇక్కడి సిమ్ వేసే ముందు, 000కి పనిచేస్తుందో లేదో ఫోను కంపెనీని అడగండి. దూరప్రయాణమైతే ఒక యూహెచ్ఎఫ్ రేడియోనో, శాటిలైట్ ఫోనో అద్దెకు తీసుకోండి.

మా కారులో ఇప్పుడు ఆ 'డబ్బా' ఒకటి ఉంది. నాన్నగారు మళ్ళీ వచ్చినప్పుడు ముందు దాన్నే చూసి, తర్వాత కారెక్కారు.