తెల్లగా మిగిలిన జాగా

పటాలు గీసింది మొదట శిస్తు కోసం, సరిహద్దు కోసం. బనగానపల్లె 1948 దాకా నవాబుల సంస్థానం. తర్వాత కర్నూలు జిల్లాలో కలిసింది. 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. ఏలేవాళ్లు మారినప్పుడల్లా పటం మారింది. ఆ నేల మీద బండలు మోసిన, మామిడితోటల్లో కూలికెళ్లిన ఆడవాళ్ల ఒంటి సంగతి మాత్రం ఏ పటానికీ ఎక్కలేదు.

ఇప్పుడు జబ్బులకూ పటాలొచ్చాయి. కంప్యూటర్ తెర మీద ఒక ప్రాంతాన్ని నొక్కితే అక్కడ రొమ్ము క్యాన్సర్ ఎంత, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఎంత అన్నది కనిపిస్తుంది. రంగు ముదిరినకొద్దీ జబ్బు ఎక్కువని అర్థం. ఇది పూర్తిగా నిపుణుల సొత్తని అనుకుంటాం గానీ, దీని చరిత్రలో మామూలు స్త్రీల చేయి ఉంది.

న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో వెస్ట్ ఐస్లిప్ అనే ఊరుంది. అక్కడ రొమ్ము క్యాన్సర్ వచ్చిన లొరెయిన్ పేస్ అనే ఆమె 1992లో తోటి స్త్రీలను కూడగట్టింది. ఇంటింటి నుంచీ వివరాలు సేకరించి, జబ్బు ఉన్న ఇళ్లను ఊరి పటం మీద గుర్తుపెట్టారు. ఆ ప్రాంతపు స్త్రీలు చేసిన పోరాటం వల్ల 1993లో అమెరికన్ కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. పరిశోధన జరపాలనీ, కాలుష్యాన్నీ జబ్బునూ ఒకే పటం మీద పరిచి చూసే కంప్యూటర్ వ్యవస్థను తయారుచేయాలనీ ఆ చట్టంలోనే రాశారు. 2002లో ఫలితాలొచ్చాయి. డిడిటి వంటి రసాయనాలతో సంబంధం రుజువు కాలేదు. వాళ్లు ఓడిపోయారని నేననుకోను. 'మాకే ఎందుకు?' అన్న ఏడుపును వాళ్లు జవాబు చెప్పాల్సిన ప్రశ్నగా మార్చారు.

మన దగ్గర అంతకుముందే మరో కథ నడిచింది. శ్రీకాకుళం ప్రాంతంలో ఆడవాళ్లు చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు, అదే అడ్డపొగ, అంగిలి క్యాన్సర్‌కు దారితీసింది. పిండ్‌బోర్గ్, ఎఫ్.ఎస్. మెహతా బృందం అక్కడ 10,169 మంది పల్లెజనం నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించింది. జబ్బు ఒక చోట గుమిగూడిందంటే ఆ చోటి ఆడవాళ్ల బతుకులో ఏదో కారణం ఉంటుంది. వాళ్ల దగ్గరికి వెళ్లి చూస్తేనే అది దొరుకుతుంది.

మరి బనగానపల్లె? 2001-02 వివరాలతో భారతదేశపు క్యాన్సర్ అట్లాస్ 2004లో వెలువడింది. దేశమంతటి పాథాలజీ ల్యాబుల నుంచి, పరీక్షలో తేలిన కేసులను ఇంటర్నెట్ ద్వారా తెప్పించి తయారుచేశారు. తయారుచేసినవాళ్లే దానిలోని రేట్లకు 'కనీస' రేట్లని పేరు పెట్టారు. ముక్క తీసి పరీక్షించే ల్యాబు దాకా రాని మనిషి ఆ లెక్కలో లేదని వాళ్లకు తెలుసు. చదివే మనమే ఆ 'కనీస' అన్న మాటను మర్చిపోతాం. లేతరంగు చూసి అక్కడ జబ్బు లేదనుకుంటాం.

జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం 1981లో మొదలైంది. దాని 2020 నివేదికలో జనాభా ఆధారిత రిజిస్ట్రీలు 28 ఉంటే, రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఉన్నది హైదరాబాద్ జిల్లా ఒక్కటే. ఆ జిల్లాలో రొమ్ము క్యాన్సర్ రేటు లక్ష మంది స్త్రీలకు 48. ఆ 28 చోట్లలోకీ అదే ఎక్కువ. రాయలసీమ పల్లెల గురించి అందులో ఒక్క అంకె లేదు. లేని అంకెకు రంగు వేయలేరు.

లెక్క ఉన్నచోట కూడా ఇంకో చిక్కుంది. రిజిస్ట్రీ చూసేది మనిషి ఇప్పుడు స్థిరంగా ఉంటున్న ఊరు. క్యాన్సర్ ఏళ్ల తరబడి పెరిగే జబ్బు. పుట్టింట్లో పత్తిచేలో మందు వాసన పీల్చి, అత్తింట్లో కట్టెల పొగలో వండి, ముసలితనంలో నగరంలో కొడుకు ఇంట చేరిన మనిషిని ఏ ఊరి ఖాతాలో రాయాలి? పెళ్లితో ఊరు మారేది ఎక్కువగా స్త్రీకే. కాబట్టి ఒకే చిరునామా మీద నిలబడ్డ పటం మగవాడి బతుక్కు సరిపోయినంతగా ఆమె బతుక్కు సరిపోదు.

అలాగని ప్రతి ఇంటికీ ఒక చుక్క పెట్టమని అడగలేను. వెస్ట్ ఐస్లిప్ స్త్రీలు తమ ఇళ్లను తామే గుర్తుపెట్టుకున్నారు. మన చిన్న ఊళ్లో చుక్క కనిపిస్తే అది ఎవరి ఇల్లో అందరికీ తెలిసిపోతుంది. 'ఆ జబ్బు' ఉన్న తల్లి బిడ్డకు సంబంధం తప్పిపోతుంది. అంకెలను జిల్లా మొత్తంగానో, కొన్ని మండలాలు కలిపో చూపడం ఆ రహస్యాన్ని కాపాడడానికే. అది న్యాయమే. కానీ పరువు పేరుతో అసలు లెక్కే పెట్టకపోవడం వేరు.

2022 అంచనాల ప్రకారం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలో దాదాపు 80 వేల మంది స్త్రీలు చనిపోయారు. ముందే పట్టుకుంటే నయం చేయగల జబ్బిది. కేసు కాగితంలో ఇప్పటి చిరునామా పక్కన పుట్టినూరు, చేసిన పనులు, మొదటి లక్షణం కనిపించిన ఎన్ని నెలలకు ఆసుపత్రికి రాగలిగింది అన్న మూడు గళ్లు అదనంగా ఉండాలి. అప్పుడు ఆ పటం మీద బనగానపల్లెను నొక్కినప్పుడు జబ్బు ఎంతో ఒక్కటే కాదు, ఆలస్యం ఎంతో కూడా కనిపిస్తుంది. ఆ ఆలస్యానికి కారణాలు చెప్పగలిగింది ఆ ఊరి ఆడవాళ్లే. వాళ్లను అడగడానికి ముందు వాళ్లు లెక్కలోకి రావాలి.