చిగుళ్ల మందు – చేరవలసిన చోటు

పండ్లు కదలి ఊడిపోవడం వార్ధక్య లక్షణమని సరిపుచ్చుకొనేవారు మనలో ఎందరో ఉన్నారు. నిజానికి పెద్దవారిలో పండ్లు ఊడడానికి ముఖ్యకారణాలలో ఒకటి చిగుళ్ల వ్యాధి. దానికి మందు కనుగొనడం ఒక ఎత్తు. ఆ మందును వ్యాధి ఉన్న చోటికి చేర్చి, అక్కడ నిలపడం మరొక ఎత్తు.

రోగమున్న చోటనే మందు ఉంచవలెనన్న ఆలోచన కొత్తది కాదు. సుశ్రుత సంహిత దంతమూలాలను ఆశ్రయించే వ్యాధులను 15గా పేర్కొన్నది. చిగుళ్లపై ఔషధాన్ని రుద్దే ప్రతిసారణమూ, నోట ద్రవాన్ని నిలిపే గండూషమూ మన వైద్యంలో ప్రసిద్ధములు. కూచిపూడి వంటి కృష్ణాతీర గ్రామాలలో పెద్దలు ఎరిగిన వేపపుల్ల, ఉప్పునీటి పుక్కిలింత కూడ ఈ కోవకు చెందినవే.

అయితే వ్యాధి పైపైన ఆగదు. పాచి పేరుకొని గారగా గట్టిపడగా, చిగురు పంటిని వదలి నడుమ సంచి వంటి గుంట ఏర్పడుతుంది. పుక్కిలించిన ద్రవం ఆ లోతుకు పోదు. పోయినా నిలువదు, 5 మిల్లీమీటర్ల గుంటలో ఊరే ద్రవం గంటకు సుమారు 40 మార్లు మారుతుందని శాస్త్రజ్ఞుల అంచనా.

ఇరువదవ శతాబ్దంలో ఈ గుంటకు చేరిన మందుల కథ ఒక తెలుగువాని పేరుతో ముడిపడి ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహించినారు. అక్కడ బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను రాబట్టినారు. 1948లో అది లోకానికి వెల్లడైనది; ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూసినారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది ఆ మందే.

ఈ కుటుంబపు మాత్రను మింగితే, రక్తం ద్వారా శరీరమంతటా వ్యాపిస్తుంది. పెద్దవారు రోజుకు 1 గ్రాము వరకు పుచ్చుకోవలసి వచ్చేది. ఒక్క గుంట కొరకు దేహమంతా మందు మోయవలెనా? 1979లో మాక్స్ గూడ్సన్, ఆయన సహచరులు టెట్రాసైక్లిన్ నింపిన సన్నని బోలుపోగులను గుంటలో ఉంచి చూచినారు. తరువాత అభివృద్ధి చేసిన పోగుకు 1994లో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించినది. అందులోని మందు 12.7 మిల్లీగ్రాములు మాత్రమే. 10 దినములు ఉంచి వైద్యుడు తీసివేసేవాడు. తీసే పనికూడ లేకుండ, తానే కరిగే జెలటిన్ బిళ్ల 1998లో వచ్చినది, అందు 2.5 మిల్లీగ్రాముల క్లోర్‌హెక్సిడిన్ ఉన్నది. 2001లో మినోసైక్లిన్ సూక్ష్మగోళములు అనుమతి పొందినవి. మినోసైక్లిన్ కూడ టెట్రాసైక్లిన్ కుటుంబానిదే.

ఇంత నేర్పుతో చేర్చినా, మందొక్కటే చాలదు. సూక్ష్మజీవులు పాచి పొరను కోటగా చేసుకొని ఉంటాయి. ముందు వైద్యుడు పాచిని, గారను తొలగించవలెను. దానికి తోడుగా ఉంచిన మందు గుంట లోతును అదనంగా తగ్గించేది సాధారణంగా మిల్లీమీటరులో కొంత భాగమే. అది తక్కువ లాభమే. అయినా కొన్ని మొండి గుంటల విషయంలో అక్కరకు వచ్చేదే. తోముకొనేటప్పుడు చిగుళ్ల నుండి నెత్తురు కనబడితే అది వయసు చేసిన పని అనుకోరాదు. గుంట లోతు కాకముందే వైద్యునికి చూపించుకొంటే, పోగులతో, బిళ్లలతో పని పడకుండానే పన్ను నిలుస్తుంది.