పడవ గదిలో దివ్వె

'దీపము' ప్రకృతి, 'దివ్వె' వికృతి అని ముప్పై యేళ్ళకు పైగా పిల్లలచేత వల్లె వేయించినవాణ్ణి. ఆ దివ్వె వెనుక ఎంత చరిత్ర ఉన్నదో విచారించే అవకాశం మాత్రం పదవీ విరమణ తరువాతనే కలిగింది. అందుకు కారకుడు నా పూర్వ విద్యార్థి ఒకడు. అతనికి విశాఖ చేపల రేవులో ఒక మరపడవ ఉన్నది. వేట నిషేధ కాలంలో, అంటే ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, పడవకు మరమ్మతులు చేయించుకుంటాడు. ఆ రోజులలోనే ఒకనాడు గోపాలపట్నంలోని మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, లోపలి గదికి ఏ బల్బులు వేయించమంటారు?" అని అడిగాడు. తెలుగు పండితుడిని అడగవలసిన ప్రశ్న కాదు. కాని గురువును నమ్మి వచ్చినవాణ్ణి తెలియదని పంపివేయడానికి మనసొప్పలేదు.

మా తాతగారు గోదావరి కాలువలలో పడవ ప్రయాణాలు చేసినవారు. 1847లో ఆరంభమై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వల్ల ఏర్పడిన కాలువలు పైరుకు నీరిచ్చాయి, పడవలకు దారీ ఇచ్చాయి. ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్ళివారు, అందరూ లాకులు దాటుకుంటూ ఆ దారినే పోయేవారు. రాత్రివేళ పడవలో ఒక్కటే దీపం. తొలుత ఆముదపు ప్రమిద, పిదప కిరసనాయిలు లాంతరు. చెక్క పడవ, తాటాకు కప్పు, లోపల నిప్పు! అందుచేత అందరూ నిద్రపోయినా ఆ దీపాన్ని కనిపెట్టి ఒకరు మేలుకొని ఉండేవారని తాతగారు చెప్పేవారు. ఇంగ్లండులో ఏడడుగుల వెడల్పైనా లేని సన్నని కాలువ పడవలలో కాపురముండిన కుటుంబాలకూ ఇదే భయం, ఇదే జాగరణ.

తరువాత ఇంజన్లు వచ్చాయి, వాటితో బ్యాటరీలు వచ్చాయి. నిప్పు భయం కొంత తగ్గి, కరెంటు అయిపోతుందన్న భయం మొదలైంది. పది వాట్ల తీగ బల్బులు ఆరింటిని 12 వోల్టుల బ్యాటరీ మీద వెలిగిస్తే ఐదు ఆంపియర్లు లాగుతాయి. పది గంటలలో 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ సగం ఖాళీ. తెల్లవారి ఇంజను అందుకోకపోతే నడిసముద్రంలో గతి ఏమి? అదే రెండు వాట్ల ఎల్‌ఈడీలు ఆరైతే రాత్రి మొత్తానికి పది ఆంపియర్-అవర్లు చాలు.

ఈ ఎల్‌ఈడీ నిన్న మొన్నటి సంగతి కాదు. స్ఫటికం గుండా విద్యుత్తు పోయినప్పుడు వెలుగు పుట్టడాన్ని 1907లోనే హెన్రీ రౌండ్ గమనించాడు. 1962లో నిక్ హోలోన్యాక్ ఎర్రని దీపం చేశాడు. తెల్లని వెలుగుకు అవసరమైన నీలి దీపం కోసం మరి మూడు దశాబ్దాలు ఆగవలసి వచ్చింది. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014 అక్టోబరు 7న నోబెల్ బహుమతి ప్రకటించారు.

సరిగా ఐదు రోజులకు, అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను మా విశాఖను ముంచెత్తింది. రోజుల తరబడి కరెంటు లేదు. మా వీధిలోని ఆటో అబ్బాయి తన బండి బ్యాటరీకి చిన్న తెల్లని దీపం తగిలించి మా అరుగు మీద పెట్టాడు. ఎదురింటి పసిబిడ్డకు జ్వరపు మందు కొలిచి పోసింది ఆ వెలుతురులోనే. ఆ బహుమతి విలువ నాకు ఆ రాత్రి అర్థమైంది.

ఇక శిష్యునికి చెప్పిన మాటలు. ఇంజను తిరిగేటప్పుడు పన్నెండు వోల్టులు పద్నాలుగు దాటుతాయి, ఆగిన తరువాత పన్నెండుకు దిగువకూ జారుతాయి. కనుక 10 నుండి 30 వోల్టుల వరకు తట్టుకొనే దీపాలే కొనాలి. చవక దీపాలు ఈ ఒడుదొడుకులకు మాడిపోతాయి, కొన్ని వైర్‌లెస్ సెట్టులో గరగర కూడా పుట్టిస్తాయి. పడుకునే చోట 2700 కెల్విన్ల పసుపు వెలుతురు, ఇంజను దగ్గర తెల్లనిది, చుక్కాని దగ్గర మసక ఎరుపు ఉండాలి. తెల్లని వెలుతురు చూసిన కన్ను చీకటి సముద్రాన్ని వెంటనే చూడలేదు. పడవ ఎడమన ఎరుపు, కుడిన ఆకుపచ్చ దీపాలు 1972 నాటి అంతర్జాతీయ నియమాల ప్రకారం ఉండవలసినవి. లోపలి రంగు దీపాలు బయటికి కనబడి వాటితో పొరపాటు పడేటట్లు ఉండరాదు.

"పన్నెండు వోల్టులే కదా, ఫ్యూజు ఎందుకండీ?" అన్నాడు. అక్కడ మాత్రం కోప్పడ్డాను. వోల్టులు తక్కువైనంత మాత్రాన నిప్పు పుట్టదని కాదు. ఉప్పు గాలికి తుప్పుపట్టి తీగలు కలిస్తే బ్యాటరీ వందల ఆంపియర్లు కుమ్మరిస్తుంది. 2023 నవంబరు 19 రాత్రి మన రేవులో సుమారు నలభై పడవలు కాలిపోవడం అతడు కళ్ళారా చూసినవాడే. దానికి కారణం ఏదైనా, చెక్కా డీజిలూ ఉన్నచోట మంట ఎంత వేగంగా పాకుతుందో నేను అతనికి చెప్పనక్కరలేదు. కాసేపు మాట్లాడలేదు. తరువాత కాగితం తీసుకొని, పట్టికలో అన్నిటికన్నా పైన 'ఫ్యూజు, బ్యాటరీ పక్కనే' అని రాసుకున్నాడు. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి.

నాడు దీపం ఆరకుండా, అంటుకోకుండా ఒకరు మేలుకొని ఉండేవారు. నేడు ఆ జాగరణను ఒక చిన్న ఫ్యూజు చేస్తున్నది. దానిని పెట్టవలసినది మాత్రం మనమే.