నల్లా నీటిలో క్లోరిన్ ఉపఉత్పత్తులు.. గుర్తించేదెలా?

నల్లగొండ, మహబూబ్‌నగర్: ఫ్లోరైడ్ కలిసిన బోరు నీటితో తరతరాలు అవస్థ పడిన పల్లెలకు ఇప్పుడు కృష్ణా జలాలు నల్లాల ద్వారా అందుతున్నాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథ కింద అక్కంపల్లి జలాశయం, ఎల్లూరు వద్ద శ్రీశైలం వెనుక జలాలు ఈ ప్రాంతానికి ప్రధాన ఆధారాలయ్యాయి. నీరు మారడంతో చేయవలసిన పరీక్ష కూడా మారింది.

బోరు నీటిలో సేంద్రియ పదార్థం సాధారణంగా తక్కువ. జలాశయం నీటిలో కుళ్లిన ఆకులు, నాచు, మట్టి నుంచి అది చేరుతుంది. క్రిములను చంపేందుకు కలిపే క్లోరిన్ ఈ పదార్థంతో చర్య జరిపి ట్రైహాలోమీథేన్లను ఏర్పరుస్తుంది. వీటిలో ముఖ్యమైనది క్లోరోఫాం. దీనిని మానవులలో క్యాన్సర్‌కు కారణం కాగల పదార్థాల జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చేర్చింది. క్లోరిన్ కలిపిన తాగునీటిలో ఇవి ఏర్పడతాయని 1974లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డాంకు చెందిన రసాయన శాస్త్రవేత్త యోహానెస్ రూక్ వెల్లడించారు.

గ్రామాలలో క్లోరోస్కోపుతో చేసే రంగు పరీక్ష నీటిలో మిగిలి ఉన్న క్లోరిన్‌ను మాత్రమే చూపుతుంది. ఆ క్లోరిన్ దారిలో ఏమి తయారు చేసిందో చెప్పదు. పైపులో నీరు ఎక్కువసేపు నిలిచే కొద్దీ క్లోరిన్ తగ్గుతుంది, ట్రైహాలోమీథేన్లు పెరుగుతాయి. ఎండాకాలంలో ఈ చర్య మరింత వేగంగా సాగుతుంది. అందువల్ల శుద్ధి కేంద్రం వద్ద తీసిన నమూనా ఒక్కటే చాలదు. లైనులో చిట్టచివరి గ్రామపు నల్లా నుంచి కూడా తీయాలి.

నమూనా సేకరణలోనే పొరపాట్లకు ఎక్కువ అవకాశం ఉంది. ఈ పదార్థాలు సులభంగా ఆవిరైపోతాయి. ప్లాస్టిక్ సీసా పనికిరాదు. టెఫ్లాన్ పొర గల మూతతో ఉన్న చిన్న గాజు సీసాను గాలి బుడగ లేకుండా నిండా నింపాలి. చర్య అక్కడితో ఆగేందుకు సోడియం థయోసల్ఫేట్ వంటి పదార్థం కలిపి, చల్లగా ఉంచి ప్రయోగశాలకు చేర్చాలి. అక్కడ గ్యాస్ క్రొమటోగ్రాఫ్ యంత్రం నాలుగు సమ్మేళనాలను వేరు చేసి, లీటరుకు మైక్రోగ్రాముల స్థాయిలో కొలుస్తుంది.

2012 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో క్లోరోఫాం 0.2 మిల్లీగ్రాములు, బ్రోమోఫాం 0.1, డైబ్రోమోక్లోరోమీథేన్ 0.1, బ్రోమోడైక్లోరోమీథేన్ 0.06 మించరాదు. అమెరికాలో ఈ నాలుగింటి మొత్తానికే 0.08 మిల్లీగ్రాముల పరిమితి ఉంది.

క్లోరిన్ మానివేయడం మాత్రం పరిష్కారం కాదు. కలరా, టైఫాయిడ్ వంటి వ్యాధుల ముప్పు తక్షణమైనది. ఉపఉత్పత్తుల పేరుతో క్రిమిసంహారంలో రాజీ పడరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా స్పష్టం చేసింది. క్లోరిన్ కలపడానికి ముందే సేంద్రియ పదార్థాన్ని తగ్గించడం అసలు మార్గం. పటికతో మడ్డిని పేర్చి, వడకడితే అందులో కొంత భాగం తొలగిపోతుంది. ఫ్లోరైడ్ తొలగింపునకు నీరి సంస్థ రూపొందించిన ‘నల్గొండ టెక్నిక్’లోనూ పటికదే ప్రధాన పాత్ర కావడం గమనార్హం. ఓవర్‌హెడ్ ట్యాంకులను సకాలంలో కడగడం, నీటిని రోజుల తరబడి నిల్వ ఉంచకపోవడం కూడా ఉపకరిస్తాయి.

నీటి పరీక్ష నివేదిక కోరే గ్రామస్థులు అందులో నాలుగు ట్రైహాలోమీథేన్ల విలువలు, నమూనా తీసిన నల్లా, తేదీ ఉన్నాయో లేదో చూసుకోవాలి.