మామిడి జీడి నుంచి హెట్రజాన్ దాకా

నూజివీడు రసాలు తిన్నాక టెంక పారేస్తాం. పాతకాలం వైద్యులు పారేయలేదు. టెంక పగలగొట్టి, లోపలి జీడిని ఎండబెట్టి, పొడి చేసి విరేచనాలకూ కడుపులో పురుగులకూ ఇచ్చేవారు. జీడి వగరంతా టానిన్లదే. పురుగులకు మోదుగ గింజలు, వాయువిడంగాలు కూడా వాడేవారు. జిగట విరేచనాలకు కొడిశపాల బెరడు పేరున్న మందు. ఆ బెరడులోని కోనెసిన్‌ను అమీబా విరేచనాలకు గత శతాబ్దంలో అల్లోపతి వైద్యులూ వాడి చూశారు.

ఇలాంటి మందుల్లో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు? ఈ ప్రశ్నకు రెండు వైపులా నిలబడిన మనిషి యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన అన్నదమ్ముల్లో ఇద్దరిని స్ప్రూ అనే గ్రహణి వ్యాధి బలి తీసుకుంది. తనకూ అదే జబ్బు వస్తే, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. ఆ తర్వాత మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల వైద్యం చదివారు.

మూలికలు ప్రాణం నిలిపినా, ఆయన పరిశోధన మూలికల దారిన సాగలేదు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. అది స్ప్రూకు మందైంది. 1947లో పిపరజీన్ నుంచి తయారైన రసాయనాన్ని ఫైలేరియా పురుగులున్న ఎలుకలపై పరీక్షించి, బోదకాలుకు మందు కనుగొన్నారు. అదే డైఈథైల్‌కార్బమజీన్, వ్యాపార నామం హెట్రజాన్. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు.

మూలికల దారి మూసుకుపోలేదు. 1820లో సింకోనా బెరడు నుంచి క్వినైన్ వచ్చింది. చైనా శాస్త్రవేత్త తు యూయూ నాలుగో శతాబ్దపు వైద్యగ్రంథం చదివారు. మలేరియాకు వాడే ఆకును నీళ్లలో నానబెట్టి పిండాలని అందులో ఉంది, మరిగించమని లేదు. వేడికి మందు చెడుతోందని ఆమెకు తట్టింది. తక్కువ వేడిలో మరిగే ఈథర్‌తో సారం తీశారు, ఆర్టెమిసినిన్ దొరికింది. 2015లో నోబెల్ వచ్చింది.

పాత పుస్తకం ఆచూకీ చెప్పింది; మోతాదూ, భద్రతా తేల్చింది పరీక్షలే. మామిడి జీడికీ ఇదే కొలమానం. గాజు పాత్రలో పురుగు చచ్చినంత మాత్రాన మనిషి కడుపులో మందు పనిచేసినట్టు కాదు.

అందాకా బోదకాలు విషయంలో పసరుల కోసం ఆగొద్దు. ఆ వ్యాధిని దోమలు వ్యాపింపజేస్తాయి. సుబ్బారావు మందు రక్తంలోని పిల్ల పురుగులను చంపుతుంది. ముదిరిన వాపును తగ్గించలేదు. గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, తీవ్ర జబ్బులున్నవారు తప్ప మిగతావారంతా ఆరోగ్య కార్యకర్తలు ఫైలేరియా మాత్రలు తెచ్చినప్పుడు వాళ్ల ముందే వేసుకోండి.