రైలు గాలిబ్రేకు: ట్రిపుల్ వాల్వు చరిత్ర

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్రవిషయకమైన వ్యాసమొకటి వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు కోరినప్పుడు, రాజుల కథయో కోటల కథయో వ్రాయుదునని వారు తలచియుందురు. నేను వ్రాయబూనినది ఒక ఇనుప పరికరపు కథ. అది రైలుపెట్టె అడుగున దుమ్ము గప్పుకొని, ఎవరి కంటను బడక వ్రేలాడుచుండెడిది. జీవితమంతయు రైళ్లలో దిరిగినవారు సైతము దానిని చూచియుండరు. ఐనను నడుచుచున్న బండి నడుమ తెగి రెండు ముక్కలైనచో, ఆ రెండు ముక్కలును వాటంతటవే నిలిచిపోవుటకు మూలమైనది అదియే. దాని పుట్టుకలో ఒక పత్రిక చందాకును పాలు కలదు గనుక, చందాదారులమైన మనకు ఈ కథ బొత్తిగా పరాయిది కాదు.

రైళ్లు పుట్టిన పిదప నలువది యేండ్ల వరకు వాటిని నడుపుట తెలిసినంతగా ఆపుట తెలియలేదు. ఎడ్లబండికి పగ్గము బిగబట్టినచో ఎడ్లే ఆగును. రైలులో ఇంజను ఆగదలచినను, వెనుకనున్న పెట్టెల బరువు దానిని ముందునకు త్రోయుచునే యుండును. కావున ఒక్కొక్క పెట్టెను విడివిడిగా ఆపవలసియుండెను. అమెరికాలో పెట్టెకొక చేతిచక్రముండెడిది. డ్రైవరు ఈల వేసినంతనే బ్రేకుమనుష్యులు పరుగెత్తి ఆ చక్రములను త్రిప్పి, బ్రేకు దిమ్మలను చక్రములకు బిగించెడివారు. సామాను బండ్లలో ఈ పని పెట్టెల కప్పుల మీదనే జరుగవలెను. నడుచుచున్న బండిపై ఒక కప్పునుండి మరియొక కప్పునకు రాత్రియనక వర్షమనక దాటవలెను. చలికాలమున మంచు గడ్డకట్టిన కప్పులపై కాలుజారి పట్టాల మీద పడి మరణించినవారు పెక్కుమంది.

జార్జి వెస్టింగ్‌హౌస్ 1846లో న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. ఇరువదియేండ్ల ప్రాయమున అతడొకనాడు ప్రయాణము చేయుచుండగా, ముందు రెండు సామాను బండ్లు ఢీకొని దారి మూసికొనిపోయెను. పట్టపగలు, తిన్నని దారి. డ్రైవర్లిద్దరును ఒకరినొకరు చూచుకొనిరి. ఐనను ఆపుటకు వ్యవధి చాలలేదు. ఈ సంగతి అతని మనస్సున నాటుకొనెను. ఇంజనుచోటనుండియే అన్ని పెట్టెల బ్రేకులను ఒక్కసారిగా బిగించు ఉపాయమునకై అతడు వెదకసాగెను. గొలుసుతో చేయవచ్చునా యని చూచెను. ఆవిరితో చేయవచ్చునా యని చూచెను. కాని పొడవైన గొట్టములో ఆవిరి చల్లబడి నీరగును, శీతకాలమున ఆ నీరు గడ్డకట్టును.

అతని జీవితచరిత్రకారులు చెప్పు వృత్తాంతమొకటి యున్నది. ఒకనాడతని కార్యాలయమునకు ఒక యువతి పత్రికకు చందా లడుగుచు వచ్చెనట. ఆమెను ఉత్తచేతులతో పంపలేక అతడు చందా కట్టెను. ఆ పత్రికలోనే ఆల్ప్స్ పర్వతముల క్రింద, ఫ్రాన్సు ఇటలీల నడుమ త్రవ్వబడుచున్న మోన్ సెనీ సొరంగమును గూర్చిన వ్యాసమొకటి కనబడెను. అచ్చట బండను దొలచు యంత్రములను కుదించిన గాలితో నడుపుచుండిరి. ఆ గాలిని గొట్టముల గుండ మూడు వేల అడుగులు కొనిపోయినను దాని బలము తగ్గలేదు. గాలి చల్లబడినను నీరు కాదు! వెదకుచున్న వస్తువు దయాధర్మముగా కొన్న పత్రికలో దొరకెను. చదివిన చదువు ఎప్పుడెక్కడ అక్కరకు వచ్చునో మన గ్రంథాలయపు బీరువాలకును తెలియదు.

1869 ఏప్రిల్ 13న వెస్టింగ్‌హౌస్ తన మొదటి గాలిబ్రేకునకు పేటెంటు పొందెను. అప్పటికతనికి ఇరువదిరెండేండ్లు. ఇంజనుపై ఆవిరి పంపు గాలిని కుదించి తొట్టిలో నింపును. డ్రైవరు పిడి త్రిప్పగనే ఆ గాలి గొట్టము గుండ పరుగిడి, పెట్టె పెట్టెకు గల సిలిండరులోని పిస్టనును త్రోసి బ్రేకు బిగించును. తొలి పరీక్షాప్రయాణముననే పట్టాలపై నిలిచిన ఒక గుఱ్ఱపుబండివానిని ఈ బ్రేకు కాపాడెనని చెప్పుదురు.

కాని ఈ ఏర్పాటులో ఒక మహాదోషము దాగియుండెను. గాలి వచ్చినప్పుడే బ్రేకు పడును. పెట్టెల నడుమనున్న రబ్బరు గొట్టము పగిలినచో, కొక్కెము తెగి బండి విడిపోయినచో గాలి వచ్చు దారియే లేదు. అనగా బ్రేకు మిక్కిలి యవసరమైన క్షణముననే బ్రేకు ఉండదు. మఱియు ఆ చెడుపు డ్రైవరునకు ముందుగా తెలియదు. పిడి త్రిప్పి చూచిననాడే తెలియును. ఊరు కాలిన పిమ్మట నుయ్యి ఎండినదని తెలిసికొనుటవంటిది.

1872లో వెస్టింగ్‌హౌస్ చేసిన పని యేమనగా, వ్యవహారమునంతను తలక్రిందులు చేయుట. గొట్టములో గాలి ఎల్లప్పుడును నిండియుండవలెను. గాలి యున్నంతసేపు బ్రేకు వదలియుండవలెను. గాలి పోయినచో బ్రేకు పడవలెను. ఇందులకై అతడు ప్రతి పెట్టె క్రిందను ఒక చిన్న గాలితొట్టిని, దాని ప్రక్కన ఒక కవాటమును అమర్చెను. ఆ కవాటమే ట్రిపుల్ వాల్వు. మూడు పనులు చేయునది గనుక దానికా పేరు.

దాని పని తక్కెడవంటిది. లోపల నొక పిస్టను కలదు. దాని కొకవైపున గొట్టములోని గాలి, రెండవవైపున తొట్టిలోని గాలి. బండి బయలుదేరుటకు ముందు ఇంజను గొట్టములోనికి గాలిని నింపును; ఆ గాలి పిస్టను అంచున నున్న సన్నని గాడి గుండ మెల్లగా ప్రాకి తొట్టిని నింపును. ఇది మొదటి పని. పూర్వపు అమెరికా వాడుకలో ఈ ఒత్తిడి చదరపు అంగుళమునకు 70 పౌనులు. ఇప్పుడు తక్కెడ సరిసమానము. డ్రైవరు బ్రేకు వేయదలచి గొట్టములోని గాలిని కొంత బయటికి వదలును. గొట్టపువైపు తేలికపడగనే తొట్టివైపు గాలి పిస్టనును త్రోయును, గాడి మూసికొనిపోవును, తొట్టినుండి బ్రేకు సిలిండరునకు దారి తెరచుకొనును. ఇది రెండవ పని. తిరిగి గొట్టమును గాలితో నింపగా పిస్టను మొదటిచోటికి పోయి, సిలిండరులోని గాలిని బుస్సుమని బయటికి విడిచి, తొట్టిని మరల నింపనారంభించును. ఇది మూడవ పని.

ఇందులోని విశేషమేమనగా, గొట్టములోని గాలిని డ్రైవరే వదలెనా, గార్డు వదలెనా, గొట్టమే చినిగెనా, బండియే తెగెనా యను సంగతితో కవాటమునకు పనిలేదు. గాలి హఠాత్తుగా తగ్గినచో అది బ్రేకు వేయును. ఆపదయే వచ్చి తన రాకను తానే చాటుకొనవలసిన ఏర్పాటిది. ఒక్కొక్క పెట్టె తనను ఆపుకొను బలమును తన క్రిందనే మోసికొని పోవుచుండును. ఎవరి నుండియు ఆజ్ఞ రానక్కరలేదు.

ఇంత చక్కని సాధనము వెలువడగనే దేశదేశముల కంపెనీలు ఎగబడి కొనెనని తలంపరాదు. 1875లో ఇంగ్లండులోని న్యూవార్కు వద్ద ప్రభుత్వ విచారణసంఘము వారు పలువిధముల బ్రేకులను పోటీకి బెట్టగా, వెస్టింగ్‌హౌస్ బ్రేకే మేలైనదిగా తేలెను. 1877లో వాణిజ్యశాఖవారు కంపెనీలకు లేఖ వ్రాసి, ప్రమాదము కలిగినప్పుడు తనంతట తాను పడు బ్రేకు కావలెనని హెచ్చరించిరి. కాని నిర్బంధింపలేదు. కొన్ని కంపెనీలు స్మిత్తు గారి సాదా వాక్యూం బ్రేకునే పట్టుకొని వ్రేలాడెను. అది చౌక, దానిలో చెడుటకు భాగములు తక్కువ యని వారి వాదము. ఆ బ్రేకులో గాలిని పీల్చివేసినప్పుడే దిమ్మలు పట్టును. గొట్టము విడిపోయినచో బ్రేకు శూన్యము. 1884 జూలై 16న పెనిస్టన్ వద్ద ఇంజను ఇరుసు విరిగి బండి తెగినప్పుడు ఈ సాదా బ్రేకు పనికిరాకపోయెను. 24 మంది మరణించిరి. వాదములు మాత్రము సాగుచునే యుండెను.

1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా పట్టణమునుండి ఒక విహారపు రైలు బయలుదేరెను. ఆదివారపు బడి పిల్లలును వారి తల్లిదండ్రులును సముద్రతీరమునకు వేడుకగా పోవుచుండిరి. పదునైదు పెట్టెలు, తొమ్మిది వందలకు పైబడిన జనము. టిక్కెట్టు లేనివారు ఎక్కకుండునట్లు తలుపులకు తాళములు వేసిరి. డెబ్బదియైదు అడుగులకు ఒక అడుగు చొప్పున లేచు ఎగువదారిలో, శిఖరము కనుచూపుమేర నుండగనే ఇంజను అలసి నిలిచిపోయెను. బండిని రెండుగా విడదీసి, ముందరి అయిదు పెట్టెలను మొదట కొనిపోయి, తక్కిన పదింటికై తిరిగి రావలెనని నిశ్చయించిరి. గొట్టము విప్పిన మరుక్షణమున ఆ పది పెట్టెలకు వాక్యూం బ్రేకు లేకుండపోయెను. కడపటి పెట్టెలో గార్డు చేతిబ్రేకు ఒక్కటియు, చక్రముల క్రింద బెట్టిన కొన్ని రాళ్లును మిగిలెను. ముందరి భాగము బయలుదేరబోవుచు కొంచెము వెనుకకు జారి ఆ పెట్టెలను తాకెను. రాళ్లు పిండియయ్యెను. పది పెట్టెలు పల్లమునకు దిరిగెను.

సుమారు మైలున్నర దూరము అవి అట్లు వెనుకకు పరుగెత్తినవి. తలుపులకు తాళములుండెను. అదే దారిని వెనుక మరియొక బండి వచ్చుచుండెను. దాని డ్రైవరు చూచి వేగము తగ్గించెను గాని తప్పించుకొనుటకు దారి యెక్కడిది? 80 మంది మరణించిరి. వారిలో మూడవవంతు పిల్లలు. ఆ రెండవ బండియు ఢీకొన్న తాకిడికి తెగి వెనుకకు జారనారంభించెను. దానికిని సాదా బ్రేకే. చేతిబ్రేకులు ఎట్లో దానిని నిలిపినవి గాని, లేకున్నచో చెప్పవలసిన కథ మరియొకటి యుండెడిది.

ఆ పది పెట్టెలకు స్వయముగా పడు బ్రేకున్నచో, గొట్టము విప్పినంతనే అవి కొండపై మేకు గొట్టినట్లు నిలిచియుండెడివి. పదునేడేండ్లుగా అట్టి సాధనము బజారున నుండెను. ఇది వ్రాయుచున్నప్పుడు నా కలము కొంత ఆగినది. పార్లమెంటు ఆ వేసవిలోనే శాసనము చేసి, ప్రయాణికుల బండ్లన్నింటికి స్వయముగా పడు బ్రేకును విధించెను. పదునేడేండ్లు సాగిన చర్చ మూడు నెలలలో ముగిసెను.

అమెరికాలో సామాను బండ్ల కథ వేరు. 1886లో బర్లింగ్టన్ వద్ద ఏబది పెట్టెల బండితో పరీక్షలు జరుపగా, ముందరి పెట్టెలు ఆగిన పిదప గాని వెనుకటి పెట్టెలకు కబురందకపోయెను. అవి వచ్చి ముందరివాటిని గుద్దెను. వెస్టింగ్‌హౌస్ కవాటమును సవరించెను: ఆపద్సమయమున ప్రతి పెట్టెయు తనచోటనే గొట్టపు గాలిని వదలి, ప్రక్కపెట్టెకు కబురు త్వరగా అందించునట్లు చేసెను. 1887లో కొలది సెకండ్లలోనే కడపటి పెట్టెకు బ్రేకు అందెను. అయోవా రాష్ట్రపు రైతు లొరెంజో కాఫిన్ బ్రేకుమనుష్యుల ప్రాణములకై ఏండ్ల తరబడి ఊరూర తిరిగి మాట్లాడెను. 1893 మార్చి 2న శాసనము వచ్చినది. అది పూర్తిగా అమలుపడునప్పటికి 1900 సంవత్సరమాయెను.

మన దేశమున చిరకాలము వాక్యూం బ్రేకే యుండెను. అది సాదాది కాదు, స్వయముగా పడునదే: గొట్టములో శూన్యమున్నంతసేపు బ్రేకు వదలియుండును, గాలి చొరబడినచో పడును. సూత్రమొకటే, దిశ మాత్రము తిరుగబడినది. బండ్లు పొడవెక్కి బరువెక్కిన కొలది దాని బలము చాలక, 1980 ప్రాంతమునుండి గాలిబ్రేకు క్రమముగా ప్రవేశించెను. ట్రిపుల్ వాల్వు స్థానమున ఇప్పుడు డిస్ట్రిబ్యూటర్ వాల్వు అను దాని మనుమడున్నాడు. గొట్టములో ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 5 కిలోలు. పెట్టెలో మనము గొలుసు లాగినప్పుడు జరుగునది ఆ గాలికి బయటికి దారి యిచ్చుటయే.

ఐతే ఈ కవాటమును మోసగించు మార్గములు రెండు కలవు. ఒకటి, గాలి మిక్కిలి నెమ్మదిగా కారుట. పిస్టను అంచున సన్నని గాడి యున్నదని చెప్పితిని గదా. గొట్టములో గాలి మెల్లమెల్లగా తగ్గినచో తొట్టిలోని గాలియు ఆ గాడి గుండ వెనుకకు వచ్చి తగ్గును. తక్కెడ కదలదు. నేటి కవాటములును నెమ్మది కారుడును ఆపదగా ఎంచవు. 2013 జూలై 6 తెల్లవారుజామునకు ముందు కెనడాలోని లాక్ మెగాంటిక్ పట్టణముపైకి 72 చమురు పెట్టెల బండి మనుష్యుడు లేకయే దొర్లివచ్చెను. నిలిపియుంచిన ఇంజనులో మంటలు లేవగా దానిని ఆర్పి, ఇంజనును ఆపివేసిరి. గాలిపంపును దానితో ఆగెను. ఇంజనులను పట్టియుంచిన బ్రేకు గాలి గంటలో సన్నగిల్లెను. చేతిబ్రేకులు ఏడు మాత్రమే బిగించియుండిరి. 47 మంది మరణించిరి.

రెండవది, మనుష్యుని చేయి. 1988 జూన్ 27న పారిస్ నగరమునకు వచ్చుచున్న బండిలో ఒక ప్రయాణికురాలు గొలుసు లాగెను. దానిని సరిచేయబోయిన డ్రైవరు మొదటి రెండు పెట్టెల నడుమనున్న గొట్టపు బిరడాను తెలియకయే మూసివేసెను. వెనుకటి పెట్టెలకు గాలి అందక వాటి బ్రేకులు వదలలేదు. కవాటము తన ధర్మమును తాను చేయుచుండెను. దానిని చెడుపుగా ఎంచి, పెట్టె పెట్టెకు పోయి ఆ బ్రేకులలోని గాలిని చేతితో విడిచివేసిరి. బండి మొదటి పెట్టె బ్రేకుతో మాత్రమే పల్లమునకు దిగి, గార్ ద లియాన్ స్టేషనులో నిలిచియున్న బండిని ఢీకొనెను. 56 మంది మరణించిరి. నిలిచియున్న బండి డ్రైవరు తన చోటు వదలక ప్రయాణికులను దిగుడని హెచ్చరించుచునే ప్రాణము విడిచెను.

మన స్టేషనులలో బండి బయలుదేరుటకు ముందు జరుగు పరీక్ష యొకటి కలదు. డ్రైవరు ముందు కొంత గాలిని వదలును. కడపటి పెట్టెలో గార్డు తన యెదుట నున్న ముల్లు దిగుచున్నదా యని చూచును. 2022 నుండి గార్డును ట్రైన్ మేనేజరు అనుచున్నారు, ముల్లు మాత్రము అదియే. నడుమ నెక్కడ బిరడా మూసియున్నను వెనుకటి ముల్లు కదలదు.