తీగలోని ఈథరు

విశ్వమంతటా ఈథరు అనే సూక్ష్మద్రవ్యం వ్యాపించి ఉన్నదనీ, కాంతి తరంగాలు అందులోనే పయనిస్తవనీ పందొమ్మిదవ శతాబ్దిలో శాస్త్రజ్ఞులు విశ్వసించేవారు. 1887లో మైకెల్సన్, మోర్లే జరిపిన ప్రయోగంలో దాని జాడ చిక్కలేదు. అయినా ఆ మాట చావలేదు. రేడియోవారము మేము చాలకాలం దానిని వాడుకున్నాము. మా వెనుక కంప్యూటర్లవారు ఎరువు తెచ్చుకున్నారు.

నిజానికి వారు పద్ధతిని సైతం రేడియో నుండే గ్రహించారు. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ ఏబ్రమ్సన్ బృందం దీవులలోని యంత్రాలను రేడియో ద్వారా కలిపినది. దానిపేరు అలోహా. ఎవరికి తోచినప్పుడు వారు పలుకవచ్చును; రెండు సందేశాలు ఢీకొంటే తిరిగి పంపవలె. ఈ రభసలో మార్గం నూటికి 18 పాళ్ళకు మించి అక్కరకు రాదని లెక్క తేలినది. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనాలయంలో రాబర్ట్ మెట్కాఫ్ 1973 మే 22న వ్రాసిన పత్రంలో ఈ ఊహనే తీగలోనికి దింపి, ఈథర్నెట్ అని పేరు పెట్టినాడు. డేవిడ్ బాగ్స్ తోడై దానిని నిర్మించినాడు. పలుకబోయే ముందు వినవలె, పలుకుతూ కూడా వినవలె: ఇదే వారు చేసిన సవరణ. 1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ సంస్థలు సెకనుకు కోటి బిట్ల ప్రమాణం ప్రకటించినవి. 1982లో త్రీకామ్ సంస్థ ఐ.బి.ఎం. పి.సి.కి కార్డు తెచ్చినది.

మా ఇంట ఒక పాత 386 యంత్రం ఉన్నది. నాన్నగారు వ్రాసుకున్నవన్నీ అందులోనే ఉన్నవి. ఫ్లాపీలలో ఒక్కటి తప్ప అన్నీ చెడినవి. డ్రైవరుకు ఆ ఒక్కటి చాలును. నోవెల్ వారి ఎన్.ఇ. 2000 రకం కార్డు పెట్టినాను. పని ఉన్నదని ప్రాసెసరును తట్టి పిలిచే తీగకు ఒక సంఖ్య ఉంటుంది. ఈ కార్డుకు ఫ్యాక్టరీలో పెట్టినది 3. రెండవ సీరియల్ పోర్టుదీ అదే. ఒక్క గంటకు ఇద్దరు బంట్రోతులు! జంపరు మార్చి 5 చేసినాను.

కార్డు తనలో తాను జరుపుకొనే పరీక్షలో నెగ్గినది. కోయాక్సియల్ తీగ ఆవలనున్న యంత్రం మాత్రం పలుకలేదు. తీగ రెండు కొసలకూ 50 ఓముల టెర్మినేటర్లు ఉండవలె. ఒక కొస తెరచి ఉంటే సంకేతం గోడకు కొట్టిన బంతివలె వెనుదిరుగును. కార్డు తన ప్రతిధ్వనినే పరుల పలుకుగా భ్రమించి, ఢీకొన్నదని ఆగిపోవును. ప్రసార స్తంభాలతో పొత్తు ఉన్నవారికి ఇది ఎరుకైన జబ్బే. మల్టీమీటరు పెట్టి చూచితిని. రెండు కొసలూ సరిగా ఉంటే 25 చూపవలె, 50 చూపినది. ఒక టెర్మినేటరు లోపల విరిగినది. పది రూపాయల వస్తువు కోసం రెండు ఆదివారాలు పోయినవి.

కొత్తది తగిలించగానే ఎదుటి యంత్రం బదులిచ్చినది. మొదట వచ్చిన ఫైలు వ్యాసం కాదు, ఇంటి పద్దు: 1996 మార్చి, పాలు, పత్రిక, రేడియో మరమ్మతు.